పన్నెండు లీటర్లు

మొదటి సాక్షి చనిపోయిన ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు.

వంటమనిషి ప్రతిదీ ముందు తాను తిని, తర్వాతే ఆయనకు పెట్టింది. పాలు అందరి కళ్ళెదుటే కాచారు. ఉత్తరాలు గ్లవ్స్ తొడుక్కుని విప్పారు. గుమ్మం దగ్గర కాపలా కూర్చున్న ఏజెంటు నాలుగు వారాల పాటు కుర్చీ వదల్లేదు. అయినా ఆ పెద్దమనిషి రోజుకింత చొప్పున కరిగిపోయాడు. వంటమనిషి కూడా మంచం పట్టింది. ఇంటి నుంచి ఫ్లాస్కులో నీళ్ళు తెచ్చుకునే ఏజెంటుకి మాత్రం ఏమీ కాలేదు. ఆఖరి రోజున ఆయన ఏజెంటు చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎక్కణ్ణించి వస్తోందయ్యా ఇది?" అని అడిగాడు. జవాబు వినకుండానే పోయాడు.

ఆ తర్వాత పదిరోజులకు డిపార్ట్‌మెంట్ నుంచి పిలుపొచ్చింది.

డ్రై క్లీనింగ్ షాపు పైన, ఇస్త్రీ ఆవిరి వాసన వచ్చే గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన మాసిన చొక్కాతో ఒక ముసలాయన, ఒళ్ళో స్పానర్ల సంచీతో. నలభై ఏళ్ళు ఇళ్ళల్లో బోరు నీళ్ళని మెత్తబరిచే వాటర్ సాఫ్ట్‌నర్లు రిపేరు చేసిన మేస్త్రి.

"నీళ్ళు టెస్ట్ చేయించాం. ఏమీ లేదు" అన్నాడు చీఫ్.

"పోయిన మర్నాడు చేయించారు" అన్నాడు మేస్త్రి, ఆయన వైపు చూడకుండా. "అప్పటికే చంపినవాళ్ళు సాఫ్ట్‌నర్ ట్యాంకు మార్చుకుపోయారు. నేల మీద గుండ్రంగా పాత ట్యాంకు మరక ఉంది కదా? ఇప్పుడున్న ట్యాంకు ఆ మరక మీద లేదు, రెండంగుళాలు పక్కకి ఉంది. మీవాళ్ళు నలుగురు దాన్ని ఫొటో తీశారు. ఒక్కడూ చూళ్ళేదు."

చీఫ్ దగ్గాడు. ఏజెంటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"బాబూ, నువ్వు విను" అని మేస్త్రి సంచీలోంచి గుప్పెడు తేనెరంగు పూసలు తీసి బల్ల మీద పోశాడు. ఆవగింజల కన్నా చిన్నవి. "ఇది రెజిన్. ఒక్కో పూసా సీట్లున్న బస్సనుకో. ప్రతి సీట్లోనూ సోడియం కూర్చుని ఉంటుంది. బోరు నీళ్ళలో కాల్షియం వస్తుంది. కుళాయిల మీద తెల్లగా పేరుకునేది అదే. అది లావుపాటి ప్యాసింజరు. ఒక్కడే ఎక్కినా రెండు సీట్లు కావాలి. వాడు కూర్చోగానే ఇద్దరు సోడియాలు లేచి నీళ్ళతో పాటు దిగిపోతారు. మన కుళాయిలోకి వచ్చేది వాళ్ళే. అందుకే నీళ్ళు మెత్తగా ఉంటాయి, సబ్బు నురగ కడుతుంది."

"సీట్లన్నీ కాల్షియంతో నిండిపోతే?"

"అప్పుడు ఉప్పునీళ్ళు పంపిస్తాం. ఒక్క సోడియం వెళ్ళి లేవమంటే కాల్షియం లేవడు. వేలకి వేలు మీద పడి తోస్తే లేవక చస్తాడా? డ్రెయిన్లోకి పోతాడు. మళ్ళీ సీట్లన్నీ సోడియానివే. దీన్ని రీజెనరేషన్ అంటారు." మేస్త్రి ఒక పూసను గోటితో దొర్లించాడు. "మంచివాళ్ళు చేసే పని ఇంతవరకే. ఇప్పుడు దొంగబుద్ధితో ఆలోచించు. సీట్లలో సోడియం బదులు విషం కూర్చోబెట్టి, ట్యాంకు ఇంట్లో పెట్టేస్తే?"

ఏజెంటు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "కాల్షియం వచ్చి దాన్ని లేపుతుంది."

"లేపి నేరుగా వంటింటి కుళాయికి పంపిస్తుంది. విషం ఎవరూ కలపక్కర్లేదు. ఆ ఇంటి బోరు నీళ్ళే కలుపుకుంటాయి."

ఆ విషలోహం పేరు ఫైల్లో నల్లసిరాతో కొట్టేసి ఉంది.

అసైన్‌మెంట్ చిన్నది. ఆ సాక్షిని చంపిన విదేశీ ముఠాకి ఇరవయ్యేళ్ళు కోడ్‌లు రాసిపెట్టి ఇప్పుడు మనవైపు వచ్చేసిన లెక్కల మాస్టారు ఒక ఇంట్లో దాక్కుని ఉన్నాడు. ముఠాలోని పదకొండు మంది పేర్లు ఆయన తలలోనే ఉన్నాయి. కాగితం మీద పెట్టడు, విచారణ కమిటీ ముందు తప్ప నోరు విప్పడు. కమిటీ కూర్చోడానికి ఇంకా మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ ఏజెంటు సాఫ్ట్‌నర్ సర్వీసువాడిగా ఆ ఇంటి సెల్లారులో తిరగాలి.

"ఆ మెషీన్ని పీకి పారేస్తే పోదా సార్?"

"పీకేస్తే ఇంకో దారి వెతుక్కుంటారు. అది మనకి తెలీదు. ఈ దారి తెలుసు" అన్నాడు చీఫ్. "వాళ్ళు ట్యాంకుతో వస్తారు. పట్టుకుంటాం."

"అంటే మాస్టార్ని ఎరగా పెడుతున్నాం."

"నీ పని చూడటం. అనడం కాదు. గేటు గార్డులకి కూడా నువ్వెవరో తెలీకూడదు, మనలో ఎవరో లీకు చేస్తున్నారు. ముఠాలో మనకో మనిషి ఉంది. ఆవిడే నిన్ను కలుస్తుంది. కోడ్ గుర్తుపెట్టుకో. 'మీ నీళ్ళు గట్టివా?' అని అడుగుతుంది. 'మా గుండె కన్నా కాదు' అని నువ్వు చెప్పాలి."

లేచి వెళ్తుంటే మేస్త్రి చొక్కా పట్టుకుని ఆపాడు. "ఇంకొక్క మాట. కొత్త ట్యాంకులో పూసల మధ్య నిలవనీళ్ళు ఓ పన్నెండు లీటర్లు ఉంటాయి. వాల్వు తిప్పగానే ముందు వచ్చేవి అవే. శుభ్రంగా ఉంటాయి. ఎంత పరీక్ష చేసినా ఏమీ దొరకదు. అసలు సంగతి పదమూడో లీటరులో తెలుస్తుంది."

*

ఆ ఇంట్లో వంటా వార్పూ అంతా మాస్టారి అక్కగారిది. అరవై దాటిన మనిషి. నోరు ఊరుకోదు, కాలు నిలవదు. ఉప్పు బస్తా భుజాన వేసుకుని వచ్చిన ఏజెంటుకి మొదటి రోజే ఉప్పాయన అని పేరు పెట్టేసింది. నెల తిరిగేసరికి గార్డులూ అదే పేరుతో పిలవసాగారు. సొంతపేరుతో పిలిచేవాళ్ళు లేని ఉద్యోగం కాబట్టి అతనికీ అది బాగానే ఉండేది.

"ఉప్పాయనా, నువ్వొచ్చాక నా జుట్టు చూడు, పట్టులా అయిపోయింది" అనేది. "మా తమ్ముడు నీళ్ళు తాగుతూ కూడా లెక్కపెడతాడు, ఎన్ని గుక్కలో. వాడి మొహం, చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుంటే గానీ రోడ్డు దాటేవాడు కాదు. ఇప్పుడేమో వాణ్ణి చంపడానికి ఎవరో దేశాలు దాటి వస్తారట. నువ్వు నమ్ముతావా?"

"ఏమోనమ్మా" అనేవాడు ఉప్పాయన, డ్రమ్ములో ఉప్పు పోస్తూ. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేవాడు. ఆమె ఇచ్చిన టీ కూడా అలాగే మింగేవాడు. అవే నీళ్ళు తాను కూడా తాగాలని అతనే పెట్టుకున్న నియమం అది. ఫ్లాస్కు తేవడం మానేశాడు.

రెండుసార్లు రిపోర్టు రాశాడు, సెల్లారు తలుపుకి ఇంకో తాళం కావాలని. "పరిశీలనలో ఉంది" అని జవాబు. మూడోసారి రాస్తే జవాబే లేదు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన స్పెషల్ స్పానర్ ఒకటి ఉండేది. పిడిలో బటన్ నొక్కితే బ్లేడు బయటికొస్తుంది. ఉప్పు బస్తాల మధ్య మూడు నెలలు పడి ఉండి అది తుప్పుతో బిగుసుకుపోయింది. మార్చమని రాశాడు. అదీ పరిశీలనలో ఉంది.

కమిటీ ఉదయం పదింటికనగా, ముందురోజు మధ్యాహ్నం మూడున్నరకి సెల్లారు మెట్ల మీద హైహీల్స్ చప్పుడైంది.

సాఫ్ట్‌నర్ కంపెనీ ఏరియా మేనేజరని మెడలో ఐడీ కార్డు. నల్లకళ్ళద్దాలు, ముదురు ఆకుపచ్చ సిల్కు చొక్కా, సెల్లారు తేమవాసనని ఒక్క క్షణంలో వెళ్ళగొట్టిన సెంటు. వెనకే యూనిఫాం వేసుకున్న పొడుగాటి మనిషి, ట్రాలీ మీద కొత్త ట్యాంకుతో.

"మీ నీళ్ళు గట్టివా?" అంది మేడమ్.

ఉప్పాయనకి గుండె ఒక్కసారి తేలికైంది. "మా గుండె కన్నా కాదు."

ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఇదే ఆ ట్యాంకు. చీఫ్ పెట్టనివ్వమన్నారు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలట. బయట మనవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. ఈ పొడుగాయనకి నేనెవరో తెలీదు. నువ్వు మామూలుగా పని చేస్తూ ఉండు."

అతను మామూలుగానే పని చేశాడు. మెయిన్ వాల్వు కట్టేశాడు. పాత ట్యాంకు విప్పాడు. కొత్తదాన్ని పొడుగాయనతో కలిసి ఎత్తిపెట్టాడు. పైన కంట్రోల్ హెడ్ కూర్చోబెట్టి నట్లు తన చేత్తోనే బిగించాడు. తర్వాత ఎన్నో రోజుల పాటు అతనికి నిద్ర పట్టనివ్వనిది అదే. కొట్టి కట్టెయ్యడం కాదు, ఆ నట్లు అంత శ్రద్ధగా బిగించడం.

డ్రెయిన్ గొట్టం ఇంకా బిగించలేదు. మేడమ్ చెయ్యి మెయిన్ వాల్వు మీదికి వెళ్ళింది.

"ఆగండి, మనవాళ్ళు లోపలికి..." అనబోయాడు. తల వెనక ఏదో పగిలినట్టయింది.

కళ్ళు తెరిచేసరికి నేల మీద కూర్చుని ఉన్నాడు. మూతికి టేపు. చేతులు వెనక్కి, గోడ పక్కన నిలువుగా వెళ్ళే ఇనప పైపుకి ప్లాస్టిక్ టైలతో కట్టేసి ఉన్నాయి. కాళ్ళు రెండూ కలిపి కట్టేశారు. బయట ఎనిమిది మంది ఎవరూ లేరని అప్పుడర్థమైంది. పొడుగాయన పాత ట్యాంకుని ట్రాలీ ఎక్కించి ర్యాంపు మీదుగా వెళ్ళిపోయాడు. మేడమ్ మాత్రం ఒక్క నిమిషం ఆగింది. కళ్ళద్దాలు తీసింది. కింద కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"నన్ను తిట్టుకో, ఫరవాలేదు" అంది. "మా చెల్లెలు వాళ్ళ దగ్గరుంది. నాలుగేళ్ళయింది. నెలకో ఫొటో పంపిస్తారు. ఈ పని చేస్తే వదిలేస్తామన్నారు. అమ్మ పోతూ పోతూ దాన్ని నా చేతిలో పెట్టింది. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

మూతికి టేపు వేసి అడిగే ప్రశ్న కాదది. ఆమెకీ తెలుసు. వాల్వు తిప్పింది. నీళ్ళు బుసకొడుతూ ట్యాంకులోకి దిగాయి. హీల్స్ చప్పుడు మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు బయట గడియ పడింది.

కంట్రోల్ హెడ్ మీద చిన్న తెర వెలిగింది. ఇంట్లోకి వెళ్ళిన నీళ్ళు ఎన్ని లీటర్లో చూపించే అంకె. సున్నా.

పైన గార్డు గొంతు. "అమ్మా, సర్వీసయింది. ఉండండి, టెస్ట్ చేస్తాను."

ఒకటి.

అరవడానికి ప్రయత్నించాడు. టేపు వెనక ఏదో మూలుగు. పైన ఫ్రిజ్ చప్పుడు దానికన్నా పెద్దది. మడమలతో నేలని కొట్టాడు. గచ్చు నేల, రబ్బరు బూట్లు.

"నీళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా, వాడుకోండి!"

రెండు. మూడు. గిన్నెలు తోముతోంది అక్కగారు. పైపులో నీళ్ళు కదిలినప్పుడల్లా అతని మణికట్లకి సన్నటి వణుకు తెలుస్తోంది. ఆ పైపుకే కదా కట్టేశారు. మొదటి సాక్షి అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు తన చేతుల్లోంచే పైకి పోతోంది.

నాలుగు.

హెడ్ మీద ఎర్ర బటన్ ఒకటుంది. మూడు సెకన్లు నొక్కి పడితే రీజెనరేషన్ మొదలవుతుంది. మేస్త్రి వర్క్‌షాపులో వందసార్లు చేయించాడు. అది మొదలవగానే వాల్వు తిరిగి, ఇంట్లోకి వెళ్ళే నీళ్ళు ట్యాంకుని తాకకుండా బైపాస్‌లో పోతాయి. కాల్షియంతో ఉన్న గట్టి నీళ్ళు, కానీ మంచినీళ్ళు. ట్యాంకులోది మొత్తం ఉప్పునీళ్ళతో కడిగి డ్రెయిన్లోకి వెళ్తుంది. ఇప్పుడు చెయ్యాల్సిందల్లా ఆ బటన్ నొక్కడమే. అది నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తులో, రెండడుగుల దూరంలో ఉంది.

వీపుని పైపుకి ఆనించి, మడమలతో తోస్తూ పైకి పాకాడు. సగం లేచేసరికి మణికట్లు దేనికో తగిలి ఆగిపోయాయి. పైపుని గోడకి పట్టి ఉంచే ఇనప క్లాంపు. అక్కణ్ణించి పైకి దారి లేదు. మోకాళ్ళు సగం వంచి, కూర్చోనూ లేక, నిలబడనూ లేక వేలాడాడు. మెడ సాచాడు. బటన్‌కీ ముక్కుకీ మధ్య జానెడు.

ఆరు. కెటిల్ నింపుతోంది.

"ఒరేయ్, మొహం కడుక్కో, టీ పెడుతున్నా" అని తమ్ముణ్ణి పిలిచింది. ఏడు. ఎనిమిది. మాస్టారు మొహం కడుక్కుంటున్నాడు. లెక్కపెట్టుకుంటూ, తొందర లేకుండా.

క్లాంపుని కిందనుంచి మణికట్లతో గుద్దాడు. చర్మం లేచిపోయింది. మళ్ళీ. ఏమీ కదల్లేదు. అతనికి ఏడుపొచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళ సర్వీసు, సెల్లారులో పైపుకి వేలాడుతూ ఏడ్చాడు. ఎవరి మీదా కోపం కూడా రాలేదు. తొమ్మిది. రేపు ఇక్కడికి ఎవరో వచ్చి నేల మీద మరకకి ఫొటోలు తీసుకుంటారు.

ఆ ఆలోచనకి వచ్చింది కోపం. కాళ్ళు రెండూ నేలకి తన్నిపెట్టి, ఒంట్లో బలమంతా మణికట్ల మీద పెట్టి పైకి లేచాడు. బొటనవేలి దగ్గర ఎముక పక్కకి తప్పుకుంది. సరిగ్గా అప్పుడే గోడలో ఏదో పటుక్కుమంది. మూడు నెలల ఉప్పుగాలికి క్లాంపు మరలు కూడా స్పానర్ బ్లేడు లాగే తినేసి ఉన్నాయి. క్లాంపు ఊడి కింద పడింది.

పది.

పూర్తిగా నిలబడి, ముందుకి వంగి, ముక్కుతో బటన్ నొక్కాడు. ఒకటి, రెండు... చెమటకి జారిపోయింది. తెర మీద అంకె మారింది.

పదకొండు.

ఈసారి నుదురు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒకటి. పైన ఇంకో కుళాయి తిప్పిన చప్పుడు. రెండు. మణికట్ల దగ్గర పైపు వణికింది. మూడు.

మోటారు గుర్రుమంది. లోపల వాల్వు తిరిగిన టక్ శబ్దం. తెర మీద అంకె పదకొండు దగ్గరే ఆగిపోయింది.

అతను ఊపిరి వదిలేలోపే డ్రెయిన్ రంధ్రం లోంచి నీళ్ళు చిమ్మాయి. గొట్టం బిగించలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పూసల్లోంచి లేచివస్తున్న విషం సెల్లారు నేల మీద పరుచుకుంటూ అతని బూట్ల దాకా, చీలమండల దాకా వచ్చింది. ప్యాంటు తడిసి చర్మానికి అంటుకుంది. చేతుల మీద తెగిన చోట్లకి తుంపర్లు తగిలితే భగ్గుమంది. కాస్సేపటికి డ్రమ్ము లోంచి ఉప్పునీళ్ళు లాక్కోవడం మొదలైంది. ఉదయం తాను పోసిన ఉప్పే. వేలకి వేలు. నోరు టేపుతో మూసి ఉన్నందుకు ఆ పూట మాత్రం సంతోషించాడు. ముఖం పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

ఎంతసేపయిందో. గడియ తీసిన చప్పుడు.

"ఉప్పాయనా! ఏం సర్వీసయ్యా ఇది, సబ్బు ఎంత రుద్దినా నురగ రావట్లేదు! మీ మేడమ్ ఏమో..." అంటూ అక్కగారు సబ్బు చేతులతో మెట్లు దిగి, అతన్ని చూసి కెవ్వుమంది. ఉత్తకాళ్ళతో పరిగెత్తుకుని వస్తోంది. అతను తల అడ్డంగా ఊపాడు. పూనకం వచ్చినట్టు ఊపాడు. వద్దు, వద్దు, ఈ నీళ్ళు తొక్కొద్దు. ఆఖరి మెట్టు మీద ఆమె కాలు గాల్లో ఆగింది. అతని కళ్ళలోకి చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

గార్డులు బూట్లేసుకుని వచ్చి టేపు పీకాక అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "కుళాయిలన్నీ కట్టెయ్యండి."

రెండోది: "టీ తాగారా?"

"నీక్కూడా తెద్దామని వాడికింకా ఇవ్వలేదు నాయనా" అంది ఆమె, ఏడుస్తూ.

"ఇవ్వండి. అది మంచిదే" అని స్పృహ తప్పాడు.

*

మాస్టారు మర్నాడు పదింటికి కమిటీ ముందు పదకొండు పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. సాయంత్రానికి తొమ్మిది మంది దొరికారు. మేడమ్ రైల్వే స్టేషన్లో దొరికింది, చేతిలో రెండు టికెట్లతో. పొడుగాయన దొరకలేదు.

ఏడో పేరు దగ్గర చీఫ్ కలం ఆగిందట. అది మేడమ్ చెల్లెలిది. నాలుగేళ్ళుగా ఆమెని ఎవరూ బంధించలేదు. నెలకో ఫొటో తనే తీయించుకుని, తన చేత్తోనే కవర్లో పెట్టి అక్కకి పంపేది. పూసల పథకం కూడా ఆమెదే.

ఏడు వారాలకి ఉప్పాయన ఆస్పత్రి నుంచి లేచాడు. చేతి వేళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. చీఫ్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "ఆ మేడమ్‌కి చెల్లెలి సంగతి ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతుంది."

"ఎందుకు నమ్ముతుంది సార్?"

చీఫ్ జైలు పాసు మంచం మీద పెట్టాడు.

జైలు గదిలో మేడమ్ సిల్కు చొక్కా లేకుండా, సెంటు లేకుండా, మామూలు మనిషిలా కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచి నిలబడింది. క్షమించమని అడగలేదు.

"మా చెల్లెలు బతికే ఉందా?"

"నిక్షేపంగా ఉంది."

"ఎక్కడ?"

చెప్పడానికి రకరకాల దారులు ఆలోచించుకుని వచ్చాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. "ఈ వరండాలోనే. మూడో గది."

ఆమె మూడో గది వైపు గోడని చూసింది. అర్థమవుతున్న కొద్దీ మొహంలో ఒక్కొక్కటే ఆరిపోవడం అతను చూస్తూ నిలబడ్డాడు. అంతకన్నా చెయ్యగలిగింది లేదు.

"దానికి చీకటంటే భయం" అంది చివరికి. "రాత్రి లైటు ఆర్పొద్దని చెప్తారా?"

చెప్తానన్నాడు. బయటికొచ్చి మూడో గది ముందున్న వార్డరుకి చెప్పాడు కూడా. "లోపలున్నావిడ ఏమైనా అడిగిందా? వాళ్ళక్క గురించి?"

"లేద్సార్" అన్నాడు వార్డరు. "వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. కుళాయి నీళ్ళు తాగదట. మూత తియ్యని సీసా కావాలట."